ప్రయాణాలకు తేలికపాటి టచ్‌స్క్రీన్ ల్యాప్‌టాప్: కొనేముందు, కొన్నాక ఎలా పరీక్షించాలి

"తిరగడానికి తేలిగ్గా ఉండాలి, టచ్ ఉండాలి. ఏది కొనమంటారు?" ఎనుమాముల మార్కెట్లో అడ్తి (కమీషన్) వ్యాపారం చేసేవారు, విత్తన కంపెనీల ప్రతినిధులు, హన్మకొండలో ఆడిట్ ఆఫీసులు నడిపేవారు అందరూ అడిగేది ఇదే. ఒక మోడల్ పేరు చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఏడాది తిరగకుండా మోడళ్ళు మారిపోతాయి. పైగా ఒకే పేరు మీద రెండు మూడు రకాల తెరలు, వేర్వేరు బ్యాటరీలు అమ్ముతారు. మీ మిత్రుడికి బాగా పనిచేసిన పేరే మీ దగ్గర చతికిలబడవచ్చు. అందుకే ఇక్కడ మోడల్ పేర్లు ఉండవు. దుకాణంలో ఓ గంట, ఇంట్లో మొదటి వారం ఏమేం పరీక్షించాలో మాత్రమే ఉంటుంది. కంపెనీ కరపత్రంలోని అంకెల కన్నా కాజీపేట నుంచి సికింద్రాబాద్ దాకా మీరు చేసే ప్రయాణమే అసలు పరీక్ష.

అసలు టచ్ మీకు కావాలా?

దీనికి నిజాయితీగా జవాబు చెప్పుకుంటే కొంత డబ్బు ఆదా కావచ్చు. టచ్ తెర మీద గాజు పొర ఉంటుంది కాబట్టి బరువు కొంత పెరుగుతుంది. ఎక్కువ మోడళ్ళలో తెర ముఖం కనిపించేంతగా మెరుస్తుంది. బ్యాటరీ కాస్త ఎక్కువ ఖర్చవుతుంది. ధర సంగతి సరేసరి.

ఎదుటి మనిషితో కూర్చుని చేసే పని ఎక్కువైతే టచ్ తీసుకోండి. వరంగల్ జంపఖానాల నమూనాలు కొనుగోలుదారుకు చూపించి, రంగు దగ్గర రెండు వేళ్ళతో పెద్దది చేసి "ఇదేనా?" అని అడగాలి. కాంట్రాక్టరుతో కూర్చుని ప్లాను మీద గీతలు పెట్టాలి. రైతు ముందు ఫారం తెరిచి వివరాలు నింపాలి. ఇలాంటి చోట టచ్‌కు సాటి లేదు.

మీ రోజంతా ట్యాలీ, ఎక్సెల్‌తోనే గడిచిపోతుంటే టచ్ వద్దు. ట్యాలీ పూర్తిగా కీబోర్డు మీద నడిచే సాఫ్ట్‌వేర్. ఎఫ్5 నొక్కితే పేమెంటు, ఎఫ్8 నొక్కితే సేల్స్. అక్కడ తెర మీద వేలు పెట్టి చేసేదేమీ లేదు. ఎక్సెల్ గడులు వేలి మొనకన్నా చిన్నవి. అదే డబ్బుతో మెరవని (మ్యాట్) తెర ఉన్న, బ్యాటరీ పెద్దదైన మామూలు ల్యాప్‌టాప్ వస్తుంది.

టచ్ కావాలని తేలితే మూడు రకాలున్నాయి. మొదటిది మామూలుగా తెరుచుకునేది. రెండోది తెర పూర్తిగా వెనక్కి మడిచి పలకలా పట్టుకునేది. మూడోది కీబోర్డు ఊడదీయగలిగేది. ఊడేది చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది, కానీ బస్సులో ఒళ్ళో పెట్టుకుని టైపు చేయబోతే వెనక ఉండే ఊత కడ్డీ తొడల మీద నిలవదు. ప్రయాణాల్లో టైపు చేసేవారికి వెనక్కి మడిచే రకమే నయం.

కావలసినవి

దుకాణానికి వెళ్ళేటప్పుడు ఇవి వెంట ఉంచుకోండి:

- మీరు రోజూ మోసే సంచి. అదే సంచి, కొత్తది కాదు.
- ఒక పెన్‌డ్రైవ్. అందులో పూర్తి తెలుపు, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల బొమ్మలు ఒక్కొక్కటి, మీ దగ్గరున్న అతి పెద్ద ఎక్సెల్ ఫైలు.
- మీ డిజిటల్ సంతకం టోకెన్. జీఎస్టీకి, టెండర్లకు వాడేది.
- హాట్‌స్పాట్ పెట్టడానికి ఫోను.
- తెర తుడవడానికి మెత్తటి గుడ్డ. ప్రదర్శనకు పెట్టిన తెర మీద అందరి వేలిముద్రలూ ఉంటాయి.
- కాగితం, కలం.

తూకం కాంటా దుకాణంలో దొరకదు. దాని సంగతి రెండో మెట్టులో.

హన్మకొండ చౌరస్తాలో కొన్నా, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ దుకాణాలుండే సీటీసీకి వెళ్ళి కొన్నా పద్ధతి ఒకటే. పండుగ ఆఫర్ల రద్దీలో మాత్రం వెళ్ళకండి. వెనక పది మంది నిలబడి ఉంటే గంటసేపు ఏ అమ్మకందారూ యంత్రం మీ చేతిలో ఉంచడు. మామూలు రోజు మధ్యాహ్నం వెళ్ళండి.

దుకాణంలో చేయాల్సినవి

1. మీ పని రాసుకోండి.

ఒక మామూలు ప్రయాణపు రోజున ఏ పని ఎంతసేపు చేస్తారో నాలుగు వరుసల్లో రాయండి. రైల్లో మెయిళ్ళు, ఆఫీసులో వీడియో కాల్, సాయంత్రం లాడ్జిలో బిల్లులు, ఇలా. అమ్మకందారు మాటల్లో పడి గేముల చిప్పు వైపో, పెద్ద తెర వైపో మనసు మళ్ళినప్పుడు ఆ కాగితం తీసి చూసుకోవడానికి ఇది.

2. బరువు మీరే తూచండి.

కరపత్రంలో "బరువు 1.2 కిలోలు మొదలు" అని ఉంటుంది. అందులో కిటుకంతా "మొదలు" అన్న మాటలోనే ఉంది. ఆ బరువు తరచూ టచ్ లేని, చిన్న బ్యాటరీ పెట్టిన రకానిది. ఛార్జర్ బరువు అందులో కలవదు. ఛార్జర్, దాని లావుపాటి తీగ కలిపి 200 నుంచి 400 గ్రాములు తూగుతాయి.

మీ వీధిలో కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ కాంటా ఉంటుంది కదా, కొన్న రోజే దాని మీద పెట్టండి. ముందు ల్యాప్‌టాప్ ఒక్కటే, తరువాత ఛార్జర్, అడాప్టరు, పెన్ను, మౌసు అన్నీ కలిపి. ఉదయం నుంచి రాత్రి దాకా భుజాన వేసుకుని తిరిగేవారికి ల్యాప్‌టాప్ 1.3 కిలోలు, మొత్తం 1.7 కిలోలు దాటకూడదన్నది నా లెక్క. కారులో తిరిగేవారు ఈ మెట్టు వదిలేయవచ్చు. వాళ్ళకు 14 అంగుళాల తెర, పెద్ద బ్యాటరీ ముఖ్యం.

దుకాణంలో మాత్రం ఒక పని చేయండి. ల్యాప్‌టాప్‌ను మీ సంచిలో పెట్టి, భుజాన వేసుకుని పది నిమిషాలు అటూ ఇటూ తిరగండి. తరువాత ఒక్క చేత్తో ఒక మూల పట్టుకుని ఎత్తండి. కిర్రుమన్నా, కీబోర్డు మధ్యలో నొక్కితే కిందికి కుంగినా, ఆ తేలికదనం బలహీనమైన ఒంటి వల్ల వచ్చిందని అర్థం.

3. తెరను వెలుతురులోకి తీసుకెళ్ళండి.

దుకాణంలో అన్ని తెరలూ బాగానే కనిపిస్తాయి. అనుమతి అడిగి గుమ్మం దాకా తీసుకెళ్ళండి. ఎండ పడే వైపు వీపు పెట్టి, తెల్లటి పత్రం ఒకటి తెరిచి చదవండి. అక్షరాల కన్నా మీ చొక్కా ఎక్కువగా కనిపిస్తే రైలు కిటికీ పక్కన పని జరగదు.

వెలుగును నిట్స్‌లో కొలుస్తారు. 250, 300 ఉన్నవి గదిలోకి చాలు. మెరిసే టచ్ తెరకు కనీసం 400 ఉంటేనే కిటికీ పక్కన అక్షరం నిలుస్తుంది. తెర పొడవు వెడల్పుల నిష్పత్తి 16:10 ఉన్నది చూడండి. 16:9 కన్నా అందులో పత్రం కొన్ని వరుసలు ఎక్కువ కనిపిస్తుంది.

ఇప్పుడు పెన్‌డ్రైవ్‌లోని రంగుల బొమ్మలు ఒక్కొక్కటి తెర నిండా పెట్టండి. తెల్లటి దాని మీద నల్ల చుక్క, నల్లటి దాని మీద వెలిగే చుక్క కనిపిస్తే అది చెడిన పిక్సెల్. ఒకటి రెండు చుక్కలకు చాలా కంపెనీలు తెర మార్చవు. కాబట్టి ఇది డబ్బు కట్టకముందే, మీకు ఇవ్వబోయే యంత్రం మీదే చూడాలి. ప్రదర్శనకు పెట్టినదాని మీద చూసి, సీలు తీయని పెట్టె ఇంటికి తెచ్చుకుంటే ఈ పరీక్ష చేసీ చేయనట్టే.

4. టచ్‌ను అంచుల దాకా పరీక్షించండి.

దుకాణాల్లో అందరూ చేసేది ఒక్కటే: తెర మధ్యలో వేలితో అటూ ఇటూ జరిపి, "బాగుంది" అంటారు. తెర మధ్యలో టచ్ ఎప్పుడూ బాగానే ఉంటుంది. తేడా వచ్చేది అంచుల్లో, మూలల్లో.

పెయింట్ తెరవండి. ఎడమ అంచు నుంచి కుడి అంచు దాకా వేలు ఎత్తకుండా ఒక గీత గీయండి. దాని కింద రెండు వేళ్ళ ఎడంతో ఇంకోటి. ఇలా కింది దాకా. తరువాత పై నుంచి కిందికి, ఆఖరున మూల నుంచి మూలకు. తెర అంతా గళ్ళు పడాలి. ఎక్కడైనా గీత తెగితే అక్కడే మళ్ళీ రెండు మూడు సార్లు గీయండి. వేరే చోట తెగితే మీ వేలు జారినట్టు. ప్రతిసారీ అక్కడే తెగితే ఆ చోట టచ్ చచ్చిపోయింది. వేరే యంత్రం అడగండి.

సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో ఎబౌట్ తెరిచి పెన్, టచ్ అన్న వరుస చూడండి. అక్కడ 10 టచ్ పాయింట్లు అని ఉండాలి. ఆ వరుసలో టచ్ లేదని రాసి ఉంటే మీకు చూపిస్తున్నది టచ్ లేని రకం. పేరు ఒకటే అయినప్పుడు ఇలాంటి తారుమారు జరుగుతుంది.

ఇంకో నాలుగు చిన్న పరీక్షలు. తెర పై అంచును వేలితో రెండుసార్లు తట్టండి. ఊగుతూనే ఉంటే కీలు వదులు. బస్సులో అది వాడలేరు. తడి వేలితో గీసి చూడండి. మే నెలలో మన వేళ్ళు ఎప్పుడూ తడే. ఛార్జర్ పెట్టి మళ్ళీ గీయండి. కొన్నింట్లో ఛార్జింగ్ అవుతున్నంతసేపూ టచ్ తనంతట తాను నొక్కుకుంటూ పోతుంది. ఎర్తింగ్ సరిగా లేని లాడ్జి సాకెట్లలో ఇది మరీ ఎక్కువ. తెరను పూర్తిగా వెనక్కి మడిచి, కీబోర్డు పనిచేయడం ఆగిందో లేదో చూడండి. ఆగకపోతే పలకలా పట్టుకున్నప్పుడు వెనకవైపు మీ వేళ్ళు అక్షరాలు టైపు చేస్తూ పోతాయి.

పెన్ను కావాలంటే అదే మోడల్‌కు పనిచేసే పెన్ను అక్కడే తెప్పించుకుని రాసి చూడండి. పెన్నుల పద్ధతులు వేర్వేరు. ఒక కంపెనీది ఇంకో కంపెనీ తెర మీద రాయకపోవచ్చు. అరచేయి తెర మీద ఆనించి మీ సంతకం పెట్టండి. చేయి ఆనిన చోట గీతలు పడితే ఆ పెన్నుతో నోట్సు రాయలేరు. కొన్ని పెన్నులకు ఏఏఏఏ అనే సన్నటి బ్యాటరీ పడుతుంది. అది మన ఊళ్ళో అడిగిన వెంటనే దొరికే సరుకు కాదు. ఛార్జింగ్ పెన్ను తీసుకోండి.

హెచ్చరిక: తెర మీద గీసిన సంతకం వేరు, సమాచార సాంకేతిక చట్టం 2000 కింద చెల్లే డిజిటల్ సంతకం వేరు. టచ్ ఉంది కదా అని టోకెన్ ఇంట్లో వదిలి టెండరు వేయడానికి వెళ్ళకండి.

5. కీబోర్డు, పోర్టులు చూడండి.

నోట్‌ప్యాడ్ తెరిచి ఒక పేరా టైపు చేయండి. పక్కన అంకెల కీలు ఉండవని గుర్తుంచుకోండి. 13, 14 అంగుళాల తేలిక ల్యాప్‌టాప్‌లలో దాదాపు దేనికీ అవి ఉండవు. రోజుకు వంద తక్‌పట్టీలు (మార్కెట్ అమ్మకపు చీటీలు) ఎక్కించే గుమస్తాకు ఇదొక్కటే చాలు విసుగెత్తడానికి. దానికి విడిగా యూఎస్‌బీ అంకెల ప్యాడ్ ఒకటి కొనుక్కోవడమే మార్గం. పై వరుస ఎఫ్ కీలు నొక్కితే శబ్దం, వెలుగు మారుతున్నాయా, నిజంగా ఎఫ్ కీలుగా పనిచేస్తున్నాయా చూడండి. వాటిని ఎఫ్ కీలుగానే ఉండేలా తాళం వేసే వీలు ఎక్కువ వాటిలో ఉంటుంది. అది ఏ కీతోనో అక్కడే అడగండి.

ఇప్పుడు టోకెన్ బయటికి తీయండి. మన టోకెన్లు ఎక్కువగా పాత వెడల్పాటి యూఎస్‌బీవి. సన్నటి ల్యాప్‌టాప్‌లలో కొన్నింటికి రెండు యూఎస్‌బీ-సీ రంధ్రాలు తప్ప ఇంకేమీ ఉండవు. టోకెన్‌కు అడాప్టరు, ప్రొజెక్టరుకు హెచ్‌డీఎంఐ అడాప్టరు కలిపి మోస్తే ఆదా చేసిన బరువు అక్కడే పోయింది. ఒక్క పాత యూఎస్‌బీ, ఒక్క హెచ్‌డీఎంఐ ఉన్న మోడల్ 50 గ్రాములు ఎక్కువ తూగినా అదే మేలు.

6. లోపలి సరుకు.

ఇక్కడ ఎక్కువ తలబద్దలు కొట్టుకోవద్దు. ర్యామ్ 16 జీబీ, ఎస్‌ఎస్‌డీ 512 జీబీ. సన్నటి వాటిలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, తరువాత పెంచడం కుదరదు. 8 జీబీది తీసుకుని "రేపు వేయించుకుందాం" అనుకోవద్దు. మీ పెద్ద ఎక్సెల్ ఫైలు తెరిచి, బ్రౌజరులో పది ట్యాబులు పెట్టి, వాటి మధ్య మారండి. ఆగి ఆగి మారితే వద్దు.

స్నాప్‌డ్రాగన్ చిప్పు ఉన్నవి బ్యాటరీ విషయంలో గట్టివే. కానీ వాటికి పాత డ్రైవర్లు, అంటే పరికరాలను నడిపే సాఫ్ట్‌వేర్లు, పట్టవు. టోకెన్, పాత ప్రింటరు, వేలిముద్ర యంత్రం వాడేవారు వాటి డ్రైవర్లు ఆ చిప్పుకు ఉన్నాయని తేల్చుకున్నాకే ముందుకు వెళ్ళండి. సందేహం ఉంటే ఇంటెల్ లేదా ఏఎమ్‌డీ తీసుకోండి.

విండోస్ హోమ్, ప్రో రెండింటిలో ఏదో అడగండి. ఆఫీసు కంప్యూటర్ నుంచి ఈ ల్యాప్‌టాప్‌లోకి విండోస్ సొంత రిమోట్ డెస్క్‌టాప్‌తో దూరం నుంచి వచ్చి పని చేయాలంటే ప్రో కావాలి.

ఇంట్లో మొదటి వారం చేయాల్సినవి

7. పెట్టె తెరిచేటప్పుడు వీడియో తీయండి.

పిక్సెల్ పరీక్ష కోసం పెట్టె దుకాణంలోనే తెరిపిస్తే అక్కడే తీయండి. సీలు కనిపించేలా, సీరియల్ నంబరు చదవగలిగేలా తీయండి. ఆ నంబరు కంపెనీ వెబ్‌సైటులో కొట్టి వారంటీ ఎప్పుడు మొదలైందో చూడండి. మీరు నిన్న కొంటే వారంటీ నాలుగు నెలల కింద మొదలై ఉండకూడదు. ఉంటే బిల్లు చూపించి తేదీ సరిచేయించుకోండి, లేదా సరుకు మార్పించుకోండి.

8. బ్యాటరీని రెండు రకాలుగా తేల్చుకోండి.

మొదట అది కొత్తదేనా అన్నది. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఇంగ్లీషు అక్షరాల్లో పవర్ అన్న మాటకు సీ, ఎఫ్, జీ అక్షరాలు అంటించి రాయండి. ఒక ఖాళీ వదలండి. ముందుకు వాలిన స్లాష్ గుర్తు పెట్టి, దానికి తగిలించి బ్యాటరీ, రిపోర్ట్ రెండు మాటలూ కలిపి రాసి ఎంటర్ నొక్కండి. ఒక ఫైలు తయారై, అది ఎక్కడ ఉందో చూపిస్తుంది. తెరిస్తే డిజైన్ కెపాసిటీ, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అని రెండు అంకెలు ఉంటాయి. కొత్తదానిలో రెండూ దాదాపు సమానం. రెండోది పదో వంతు తగ్గి ఉంటే, లేదా సైకిల్ కౌంట్ (ఎన్నిసార్లు ఛార్జ్ అయిందన్న లెక్క) దగ్గర పెద్ద అంకె ఉంటే, అది నెలల తరబడి ప్రదర్శనలో వెలిగిన సరుకు కావచ్చు.

ఇక ఎంతసేపు వస్తుందన్నది. "18 గంటలు" అన్న ప్రకటన తక్కువ వెలుగులో ఒక వీడియోను ఆపకుండా ఆడించి తీసిన లెక్క కావచ్చు. మీరు ఇలా చేయండి. పూర్తిగా ఛార్జ్ చేసి, 90 శాతానికి వచ్చే దాకా వాడి, అక్కడి నుంచి లెక్క మొదలుపెట్టండి. వెలుగు సగానికి కొంచెం పైన, వైఫై ఆన్‌లో, మీరు మామూలుగా చేసే పనే గంటసేపు చేయండి. తగ్గిన శాతం రాసుకోండి. గంటకు 12 శాతం తగ్గితే మొత్తం 8 గంటల పైచిలుకు. బ్యాటరీ 58 వాట్-అవర్లదైతే మీ పని గంటకు సుమారు 7 వాట్-అవర్లు తింటోందన్నమాట. మరో గంట వీడియో కాల్‌లో ఉండి అదే కొలవండి. తగ్గుదల రెట్టింపు దాకా పోతే ఆశ్చర్యపడకండి.

నా దృష్టిలో హద్దు ఇది: ఉదయం కాజీపేటలో రైలెక్కి, సికింద్రాబాద్‌లో పని ముగించుకుని సాయంత్రం తిరిగి వచ్చేదాకా, అంటే మామూలు పనిలో 7 గంటలు, ఛార్జర్ తీయకుండా రావాలి. రైలు సాకెట్ మీద ఆధారపడకండి. చైర్ కార్‌లో ఉన్నా అది పనిచేయకపోవచ్చు, పక్కవారి ఫోను ముందే దానికి తగిలి ఉండవచ్చు.

ప్రత్యామ్నాయం: యూఎస్‌బీ-సీ ద్వారా ఛార్జ్ అయ్యే ల్యాప్‌టాప్ అయితే 65 వాట్ల ఛార్జర్ ఒక్కటే ఫోనుకూ దానికీ సరిపోతుంది. ల్యాప్‌టాప్‌కు పనికొచ్చే పవర్ బ్యాంకు కూడా ఉంచుకోవచ్చు. విమానంలో పవర్ బ్యాంకు చేతి సామానులోనే ఉండాలి, చెక్-ఇన్ సంచిలో పెట్టకూడదు. 100 వాట్-అవర్ల లోపు బ్యాటరీలకు విడిగా అనుమతి అక్కర్లేదు. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు సుమారు 74 వాట్-అవర్లు. వరంగల్ దగ్గరి మామునూరులో విమానాలు దిగే రోజు కోసం ఎదురుచూస్తూ, అప్పటిదాకా శంషాబాద్ భద్రతా తనిఖీలో ఈ అంకె చెప్పుకుందాం. పవర్ బ్యాంకు మీద అది అచ్చువేసి ఉన్నదే కొనండి.

9. మూసి సంచిలో పెడితే ఏమవుతుందో చూడండి.

ఇది చాలామంది వదిలేసే పరీక్ష. కొత్త ల్యాప్‌టాప్‌లు మూత వేసినా పూర్తిగా నిద్రపోవు. లోపల మెయిళ్ళు, అప్‌డేట్లు చూసుకుంటూ ఉంటాయి. సంచిలో గాలి ఆడక వేడెక్కి, దిగేసరికి బ్యాటరీ సగమైపోవచ్చు.

రాత్రి శాతం రాసుకుని, మూత వేసి, సంచిలో పెట్టి పడుకోండి. ఉదయం చూడండి. నాలుగైదు శాతం తగ్గితే సరే. పది దాటితే పవర్ సెట్టింగుల్లో మూత వేసినప్పుడు హైబర్నేట్ అయ్యేలా, అంటే చేస్తున్న పని దాచుకుని పూర్తిగా ఆగేలా, పెట్టండి. తెరవడానికి కొన్ని సెకన్లు ఎక్కువ పడుతుంది, అంతే. మరునాటి రాత్రి మళ్ళీ కొలవండి. అప్పటికీ తగ్గుతూ ఉంటే మార్పిడి అడగాల్సిందే.

10. వేడి, దుమ్ము, దూది.

కంపెనీ పత్రాల్లో చాలావాటికి పనిచేసే ఉష్ణోగ్రత 35 డిగ్రీల దాకా అని రాసి ఉంటుంది. రామగుండం, మంచిర్యాల వైపు మే నెల మధ్యాహ్నం 44, 45కు పోతుంది. అంటే అక్కడ ఏ ల్యాప్‌టాప్‌నైనా మనం హద్దు దాటించే వాడుతున్నాం. అందుకని ఏసీ లేని గదిలో, ఫ్యాను కింద, అరగంట వీడియో కాల్ పెట్టి పరీక్షించండి. కీబోర్డు పై భాగం, అడుగు భాగం తాకి చూడండి. చేయి పెట్టి ఉంచలేనంత కాలితే ఒళ్ళో పెట్టుకోవడం అసాధ్యం. కాల్ మధ్యలో మాట తెగుతూ, బొమ్మ ఆగుతూ ఉంటే వేడికి చిప్పు వేగం తగ్గించుకుంటోందని గుర్తు.

పత్తి పని చేసేవారికి ఇంకో మాట. జిన్నింగ్ మిల్లులో, యార్డు షెడ్డులో గాలిలో తేలే దూది నూగు ల్యాప్‌టాప్ అడుగున ఉన్న సన్నటి కంతల్లోంచి లోపలికి పీల్చుకుపోతుంది. ఫ్యాను రెక్కలకు, దాని ఎదురుగా ఉండే రేకు పలకలకు చుట్టుకుని మెత్తటి పొరలా పేరుకుంటుంది. మొదటి లక్షణం ఫ్యాను మోత, రెండోది వేడి. ఫ్యాను లేని మోడల్ దొరికితే మీకు అది మంచిది. ఉన్నదైతే కొనేటప్పుడే అడుగు మూత మామూలు మరలతో తెరుచుకుంటుందా అని అడగండి. పత్తి సీజను అయిపోయాక శుభ్రం చేయించండి. కరీంనగర్ గ్రానైట్ క్వారీల దుమ్ముకూ ఇదే మందు. పైగా ఆ దుమ్ము తెరను గీకుతుంది. పొడి గుడ్డతో రుద్దకుండా ముందు ఊది, తరువాత కాస్త తడి చేసిన గుడ్డతో తుడవండి.

ఆపి ఉంచిన కారులో మాత్రం ఎండాకాలం ఎప్పుడూ వదలకండి. లిథియం బ్యాటరీకి వేడికి మించిన శత్రువు లేదు.

11. కాల్, నెట్, తాళం.

వరంగల్ స్టేషన్ ప్లాట్‌ఫారం మీద నిలబడి, ఫోను హాట్‌స్పాట్‌తో ఒక కాల్ చేయండి. రైలు ప్రకటనలు వినిపిస్తుండగా అవతలి మనిషికి మీ మాట తెలుస్తుందా అడగండి. కెమెరా బొమ్మను దీపం వెనక ఉండగా ఒకసారి, ముందు ఉండగా ఒకసారి చూడండి. కెమెరాకు జరిపే మూత ఉంటే మంచిది.

ల్యాప్‌టాప్ పోయినా ఫైళ్ళు ఇతరులు చదవలేకుండా చేసే డ్రైవ్ ఎన్‌క్రిప్షన్ ఆన్ చేసి, దాన్ని తెరిచే రికవరీ కీ కాగితం మీద రాసి ఇంట్లో పెట్టండి. ల్యాప్‌టాప్ సంచిలోనే ఆ కాగితం పెట్టే మహానుభావులు ఉన్నారు.

12. బిల్లు, సర్వీసు.

వ్యాపారం కోసం కొంటున్నట్లయితే బిల్లు మీద మీ జీఎస్టీ నంబరు పడాలి. ల్యాప్‌టాప్ మీద పన్ను 18 శాతం. పన్ను కలపకముందు ధర 80,000 అయితే పన్నే 14,400. మీ వ్యాపారానికి ఇన్‌పుట్ క్రెడిట్ వర్తిస్తే అది వెనక్కి వస్తుంది. బిల్లు పేరు మీద, నంబరు మీద ఒక్క అక్షరం తప్పినా అక్కడే మార్పించండి.

వారంటీలో "ఆన్‌సైట్" అంటే మనిషి మీ దగ్గరికి రావాలి, "క్యారీ-ఇన్" అంటే మీరు మోసుకెళ్ళాలి. కంపెనీ సైటులో మీ పిన్‌కోడ్, మన వరంగల్ వైపైతే 506తో మొదలయ్యేది, కొట్టి చూడండి. ఆన్‌సైట్ మన ఊరికి వర్తించకపోతే ప్రతి చిన్న పనికీ హైదరాబాద్ ప్రయాణమే. టచ్ తెర పగిలితే గాజు, ప్యానెల్ కలిపి మార్చాల్సి రావచ్చు. కాబట్టి పగుళ్ళకు కూడా వర్తించే అదనపు కవరు ధర కొనే రోజే అడగండి. మామూలు వారంటీ పగుళ్ళకు పనికిరాదు.

ఫలితాలు సరిగా రాకపోతే

పరీక్షలన్నీ మొదటి నాలుగు రోజుల్లో ముగించండి. ఆన్‌లైన్‌లో మార్పిడి గడువు తరచూ 7 రోజులే, కొన్నిసార్లు డబ్బు వాపసు ఉండదు. ఫిర్యాదుకు ముందు గీత తెగిన చోటు ఫొటో, బ్యాటరీ రిపోర్టు, పెట్టె తెరిచిన వీడియో ఒకే చోట పెట్టుకోండి. "సరిగా పనిచేయడం లేదు" అంటే దుకాణదారు వాదిస్తాడు. "కుడి కింది మూలలో రెండు అంగుళాల మేర టచ్ లేదు, ఇదిగో" అంటే వాదించడు.

టచ్ తనంతట తాను నొక్కుకోవడం ప్రయాణం మధ్యలో మొదలైతే, ఆ పూటకు గడవడానికి డివైస్ మేనేజర్‌లో హ్యూమన్ ఇంటర్‌ఫేస్ డివైసెస్ కింద టచ్ స్క్రీన్ వరుసను ఆపివేయండి. కీబోర్డు, మౌసుతో పని నడుస్తుంది.

కొత్తది భారమనుకుంటే

పెద్ద కంపెనీలు వాడి వదిలేసిన వ్యాపార తరగతి ల్యాప్‌టాప్‌లు సగం ధరకు దొరుకుతాయి. వాటి ఒళ్ళు గట్టిది, కీబోర్డు మంచిది. పైన చెప్పిన టచ్, బ్యాటరీ పరీక్షలు వీటికి రెట్టింపు ముఖ్యం. ఫుల్ ఛార్జ్ కెపాసిటీ డిజైన్ కెపాసిటీలో ముప్పావు వంతు కన్నా తగ్గితే కొత్త బ్యాటరీ ఖర్చు ధరలోంచి తగ్గించమనండి. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కాబట్టి విండోస్ 11 అధికారికంగా ఎక్కే యంత్రమే తీసుకోండి.

ఇంకొకటి. ఇలాంటి వాటిలో కొన్నింటికి పాత కంపెనీ తాళం అలాగే మిగిలిపోతుంది. ఆన్ చేయగానే బయోస్‌లోకి (విండోస్ కన్నా ముందు వచ్చే అమరికల తెర) వెళ్ళి పాస్‌వర్డ్ అడుగుతుందేమో చూడండి. తరువాత నెట్‌కు కలిపి విండోస్‌ను మీ కళ్ళ ముందే మొదటి నుంచి రీసెట్ చేయించండి. మొదలయ్యేటప్పుడు ఎవరిదో ఆఫీసు మెయిల్‌తో లాగిన్ కమ్మని అడిగితే ఆ యంత్రం ఇంకా వాళ్ళ అదుపులోనే ఉంది. ఎంత చవకైనా తిరిగి ఇచ్చేయండి.